నాలుగో పుల్ల

పొద్దున్నే మా కోడలు గిన్నె మూత తీసేసరికి ఉడికిన పనసాకు వాసన ఇల్లంతా కమ్ముకుంటుంది. పులిసిన పిండి కమ్మదనం, తడిసిన ఆకు వగరు, అడుగున పరిచిన గడ్డి వేడి కలిసిన ఆ వాసన తగలగానే చేతిలో పేపరున్నా చదవలేను. అమలాపురంలో మా ఇంటి వంటగదిలోంచి ఆమె పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి ఉడికించే పొట్టిక్కలు అమ్మడం మొదలుపెట్టి ఇంకా ఏడాది కాలేదు. ఫోనులోనే రిజిస్ట్రేషన్ చేయించుకుని, నీళ్ళు ఎలా ఉండాలో, తలకి ఏం కట్టుకోవాలో, పెట్టె మీద తేదీ ఎక్కడ వెయ్యాలో చెప్పే నియమాల కాగితం గోడకి అంటించుకుంది. ఖజానా ఆఫీసులో పనిచేసి రిటైరైనదాన్ని కనుక నియమం కనపడితే చివరిదాకా చదవకుండా వదలను. అన్నీ మంచివే. చదివిన ప్రతిసారీ ఏ కాగితం మీదా లేని మా అమ్మ నియమం గుర్తొస్తుంది. డైరీ రాసే అలవాటు నాకు ఉద్యోగంతో వచ్చింది. అంతకు ముందు బతుకు చాలా భాగం జ్ఞాపకంలో చెదిరిపోయింది గాని, ఈ సంగతి మాత్రం చెక్కు చెదరలేదు.

అప్పట్లో ముమ్మిడివరం దగ్గర పేటలో ఉండేవాళ్ళం. నాన్న కొబ్బరి దింపుకి వెళ్ళేవారు. వానలు పట్టుకుంటే చెట్లు పాచిపట్టి జారేవి, పని ఉండేది కాదు, అప్పుడు ఇల్లు గడిచేది అమ్మ పొయ్యి మీదే. సాయంత్రం పూట పెరట్లో ఆకులు కోసేవాళ్ళం. లేతాకు చిరుగుతుంది, ముదురాకు విరుగుతుంది, మధ్యరకం ఆకు వేలికి చుట్టినా మాట వింటుంది. నాలుగాకులు అంచులు కలిపి బుట్టలా మలిచి, కొబ్బరీనెలు సన్నగా చీల్చిన పుల్లలు నాలుగు గుచ్చి, గుచ్చిన బుట్టల్ని నేనూ చెల్లీ బొమ్మరిళ్ళలా పేర్చి ఆడుకుంటుంటే, అమ్మ పిండి రుబ్బుతూనే ఏ బుట్టలో పుల్ల వదులుగా ఉందో కనిపెట్టేసేది. తెల్లవారేసరికి చూరు నీళ్ళ చప్పుడు, పచ్చికొబ్బరి పచ్చడి తాలింపు, అరుగు మీద గోనెసంచులు కప్పుకుని వాయి దిగేదాకా కబుర్లాడుకునే జనం.

అమ్మ నియమం ఒకటే. తిన్న ఆకు పుల్లలతో సహా తిరిగి తన చేతికి రావాలి. అరుగు మీద తిన్నవాళ్ళు అక్కడే ఇచ్చేవారు, ఇంటికి పట్టుకెళ్ళినవాళ్ళు పొద్దెక్కేలోపు పిల్లలతో పంపేవారు. అమ్మ ఒక్కో ఎంగిలాకు విప్పి, పుల్లలు చూసుకుని, అన్నీ పొయ్యిలో వేసేది. నాకది తలవంపులుగా ఉండేది. ఎంగిలాకులు ఎత్తే మనిషి కూతురినని బళ్ళో ఎవరైనా అంటారేమోనని భయం. పైగా మా వీధి చివర రూతమ్మగారు, నోరున్న మనిషి, అరుగు మీదే అనేసేవారు, "పుల్లలు కడిగి మళ్ళీ గుచ్చుతాదేమోనమ్మా, ఎవరు చూడొచ్చేరు." జనం నవ్వేవారు. అమ్మ తలెత్తేది కాదు.

ఒక ముసురు పొద్దున ఆ రూతమ్మగారింటికే ఓ పళ్ళెం పొట్టిక్కలు వెళ్ళేయి. అన్నం ముట్టడం కొత్తగా మొదలెట్టిన వాళ్ళ మనవడికని అమ్మ అందులో ఒక చిన్న బుట్ట కొసరుగా వేసింది. ఆకులు తిరిగొచ్చేక ఆ చిన్న బుట్టలో మూడు పుల్లలే ఉన్నాయి. అమ్మ మిగతా ఆకులన్నీ దులిపింది. తర్వాత పొయ్యి మీద వాయి అలాగే వదిలేసి, అరుగు మీద వాళ్ళకి మాటైనా చెప్పకుండా వానలోకి దిగింది. నేను వెనకాలే పరిగెత్తేను.

రూతమ్మగారు గుమ్మంలోనే నవ్వేరు. "పుల్లే కదా పోయింది, ముక్కుపుడక కాదు గదా."

"ముక్కుపుడకైతే ఇంటికెళ్ళిపోదునండి. బాబు తిన్నాడు గదా."

ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆవిడ నిద్రపోతున్న పిల్లాణ్ణి లేపి నోట్లో వేలు పెడితే వాడు గుక్కపట్టి ఏడ్చేడు. ఏడుపులో దగ్గుంటుందేమోనని అమ్మ వాడి ఛాతీకి చెవి ఆనించి వింది. తర్వాత తిన్న చోట, అంట్లు తోమే చోట, చెత్తలో, బురదలో, మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో వెతికింది. పుల్ల దొరికేదాకా కదలనంది. పిల్లాడికి మంచినీళ్ళు కూడా పట్టనివ్వలేదు. రూతమ్మగారు తానూ కొంగు బిగించి బురదలో కూర్చున్నారు.

వెతుకుతూ వెతుకుతూ అమ్మ వసారా వైపు చూసింది. అక్కడ పడక్కుర్చీలో రూతమ్మగారి మావగారు వాన చూస్తూ, తీరుబడిగా ఓ సన్నటి పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నారు.

"అది ఎక్కడిది మావయ్యగారూ?" అన్నారు రూతమ్మగారు.

"బాబు పళ్ళెంలోదేనే. దీనిక్కూడా లెక్కుందా?"

"ఆయ్, ఉందండి. ఇలా ఇప్పించండి," అని అమ్మ చెయ్యి చాచింది.

ఆ ఎంగిలి పుల్లని కొంగుతో తుడిచి, మిగతా మూడింటి పక్కన పెట్టి, పొడుగు సరిచూసి, ఎక్కడా విరగలేదని తేల్చుకున్నాకే మెట్టు మీద కూలబడింది. రోజూ తలవంచుకుని ఆకులు విప్పే మా అమ్మ, ఆ పొద్దున ఆ మెట్టు మీద, నాకు చాలా ఎత్తుగా కనపడింది.

ఇంటికొచ్చేసరికి అరుగు ఖాళీ. గిన్నెలో నీళ్ళింకి వాయి అడుగంటింది. ఆ మాడువాసన పొట్టిక్కలే మేం పగలంతా తిన్నాం. మర్నాడు రూతమ్మగారు ఆకులు పిల్లలతో పంపలేదు. తానే పట్టుకొచ్చి, అరుగు మీద అందరూ వింటుండగా ఒక్కో పుల్లా పైకి లెక్కపెట్టి అమ్మ చేతిలో పెట్టేరు. ఆ తర్వాత మా వీధిలో అందరూ తినేముందే పుల్లలు తీసి పళ్ళెం అంచున వరసగా పెట్టుకోవడం నేర్చేరు. మాటలు రాని పిల్లలు కూడా పుల్ల దొరికితే అమ్మ చేతిలోనే పెట్టేవారు.

మొన్న ఇదంతా మా కోడలికి చెప్పేను. "మనవి పార్సిళ్ళు కదండీ అత్తయ్యగారూ, ఎవరు తింటారో ఏంటో. ఆకులు ఎలా వెనక్కి తెప్పిస్తామండీ?" అంది. నిజమే. మర్నాడు చూస్తే, నాలుగు పుల్లలూ తీసి చూసుకున్నాకే తినమని, పిల్లలకు పెద్దవాళ్ళే తీసి పెట్టమని పెట్టెల మీద ఎర్రసిరాతో రాసి ఉంది. గోడ మీద కాగితంలో ఆ మాట లేదు.

ఈ పొద్దున పెట్టెలన్నీ బండెక్కి వెళ్ళిపోయాక నా పళ్ళెంలో ఒకటి పెట్టింది. తినేముందు నాలుగు పుల్లలూ తీసి అంచున వరసగా పెట్టేను. తినడం అయిపోయాక వాటిని గుప్పిట్లోకి తీసుకుని లేచేను. వాటి కోసం చాచిన అమ్మ చెయ్యి ఎక్కడా లేదు.