వదులు చేసిన గౌను

మా వీధిలో ఆమెను కత్తెరమ్మ అనేవాళ్ళు. బట్టలు కుట్టి బతికినందుకు వచ్చిన పేరు కాదది, నోటిని బట్టి వచ్చింది. కొలతలకి వచ్చినవాళ్ళని "ఊపిరి బిగబట్టకు, రేపు జాకెట్టు పట్టకపోతే నన్ను తిడతావు" అని కసిరేది. నేను ఆమె కొట్లోనే ఒక మూల బల్ల వేసుకుని ఇస్త్రీ చేసేదాన్ని. ఈ కథలో చాలావరకు నా కళ్ళతో చూసిందే.

ఆమెకు ఒక్కతే కూతురు. ఆ పిల్లకి జ్వరమొస్తే, ఫ్రిజ్‌లు బాగుచేసే మొగుడు మాత్రలు మింగించి పనికి పోయాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికే చెయ్యి దాటిపోయింది. "ఇంత అవుతుందనుకోలేదత్తయ్యా" అన్నాడట. ఆ మాట కత్తెరమ్మ గుండెలో గుచ్చుకుని ఉండిపోయింది. "వాడికీ కూతురు లేకుండా చేస్తా. అప్పుడు తెలిసొస్తుంది" అని మిషను తొక్కుతూ అంటూనే ఉండేది. నాకది అన్యాయంగా అనిపించలేదు. నేనైతే ఇంకా గట్టిగా అనేదాన్ని.

మనవరాలికి ఏడేళ్ళు. చిన్నగా, గుండ్రంగా ఉండేదని కత్తెరమ్మ గుండీ అని పిలిచేది. తల్లి పోయాక పిల్ల తండ్రి దగ్గరే ఉంటూ ఆదివారాలు అమ్మమ్మ కొట్టుకి వచ్చేది. కత్తెరమ్మ పిల్లని నాకిప్పించండని కోర్టుకెక్కింది. తండ్రి బతికుండగా అమ్మమ్మకెలా ఇస్తారని ఆమె లాయరే పెదవి విరిచాడు.

వాయిదా ముందు ఆదివారం, తను కుట్టిన నీలం గౌను పిల్ల ఒంటిమీంచి తీయించింది. ఎదిగే పిల్ల కదా అని పక్కల్లో లోపల బట్ట వదిలి కుట్టిన గౌనది. ఆ పక్కకుట్లు బ్లేడుతో విప్పి, బాగా వదులు చేసి మళ్ళీ కుట్టింది. నా బల్ల మీద పడేసి, "నీళ్ళు చల్లి గట్టిగా ఒత్తవే. పాత సూదిపోటు ఒక్కటి కనపడినా నీ పని చెప్తా" అంది. ఒత్తాను. చిల్లులు పూడుకుపోయాయి. గుండీ పెట్టికోటుతో స్టూలు మీద కూర్చుని మా ఇద్దర్నీ కన్నార్పకుండా చూసింది. "కోర్టుకి ఇదే వేసుకురా తల్లీ" అని పంపింది కత్తెరమ్మ.

కోర్టులో ఆ గౌను పిల్ల ఒంటిమీద గోనెసంచిలా వేలాడింది. "మొన్నమొన్న సరిగ్గా పట్టేలా కుట్టానమ్మా. ఇప్పుడు చూడండి. తల్లి లేని పిల్లకి తిండి పెట్టేదెవరు?" అని కత్తెరమ్మ బావురుమంది. పిల్లని తూకం వేయిద్దామని అల్లుడి లాయరుకి తట్టనే లేదు. పైగా తండ్రి పగలంతా ఇంట్లో ఉండడని తేలింది. జడ్జమ్మ పిల్లని అమ్మమ్మకిచ్చింది. తండ్రికి ఆదివారాలు మిగిలాయి. అతను బయట మెట్ల మీద కూలబడితే, కత్తెరమ్మ వంగి, "ఇంత అవుతుందనుకోలేదా అల్లుడూ?" అంది. నా కడుపు చల్లబడింది.

అక్కడితో ఆగితే బాగుండేది. పిల్ల చేతికొచ్చాక కత్తెరమ్మ పిల్లని చూడటం మానేసింది. ధ్యాసంతా అల్లుడి మీదే. ఆదివారం అతనొస్తే గుమ్మంలో నిలబెట్టేది, జలుబని చెప్పి ఉత్త చేతులతో తిప్పి పంపేది. తిండి పెడుతూ ముద్దముద్దకీ "మీ అమ్మని మీ నాన్నే చంపాడు" అని నూరిపోసేది. గుండీ నమిలేది, మింగేది. "పిల్ల ముందెందుకక్కా" అని నేనంటే, "అక్కడ బట్ట మాడుతోంది, చూసుకో" అంది.

ఏడాది తిరక్కుండా అల్లుడు పనివేళలు మార్చుకుని మళ్ళీ కోర్టుకొచ్చాడు. వాయిదా రోజు గుండీ తనంతట తనే అమ్మమ్మ కుట్టిన ఎర్రగౌను వేసుకుని, పైన స్వెట్టరు తొడుక్కుని బయల్దేరింది. జడ్జమ్మ ముందుకెళ్ళాక స్వెట్టరు విప్పింది. గౌను భుజాల మీంచి జారిపోతోంది.

"అమ్మమ్మ దగ్గర నేను చిక్కిపోయాను" అంది.

కత్తెరమ్మ దగ్గరికెళ్ళి పిల్ల గౌను పక్కకుట్టు తడిమింది. వెనకనున్న నాకూ కనపడింది. విప్పిన చోట వరసగా చిల్లులు, పక్కనే వంకరటింకర చేతికుట్టు. వేలు పెట్టి చూపిస్తే చాలు, పిల్ల అబద్ధం బయటపడేది. ఆ విద్య ఎవరి దగ్గర నేర్చిందో అదీ బయటపడేది. తన గుట్టుకి భయపడే మనిషి కాదామె. కానీ తల ఎత్తేసరికి గుండీ కన్నార్పకుండా తననే చూస్తోంది. ఇన్నాళ్ళూ అల్లుడి మీద పెంచుకున్న కసి, ఆ పిల్ల కళ్ళలో తనమీద కనపడింది.

"గౌను మీరు కుట్టిందేనా?" అడిగింది జడ్జమ్మ.

"నేనేనమ్మా. కుట్టినప్పుడు సరిగ్గా పట్టింది." ఆమె గౌను మీంచి చెయ్యి తీసేసింది. "చిక్కిపోయింది. నేనే సరిగ్గా చూసుకోలేదు."

జడ్జమ్మ పిల్లని తండ్రికిచ్చింది. వరండాలో అతని చెయ్యి పట్టుకుని పోతున్న గుండీని కత్తెరమ్మ ఆపింది. అల్లుడి మొహం మాత్రం చూడలేదు. పిల్ల ముందు కూర్చుని, ఆ చిల్లుల మీద వేలితో రాస్తూ గొంతు తగ్గించింది. "విప్పిన చోట నీళ్ళు చల్లి ఇస్త్రీ చెయ్యాలే. లేకపోతే ఎవరైనా పట్టేస్తారు."

"ఇస్త్రీ పెట్టె ఎత్తలేకపోయా అమ్మమ్మా" అంది గుండీ.