తిప్పతీగ అనుమతి కోసం తార్నాక యాత్ర

బౌద్ధనగర్ నుంచి తార్నాక పోవడాన్ని కూడా యాత్ర అంటారా అని నవ్వేవాళ్లు ఒక్కసారి మా పెద్దమ్మతో బస్సెక్కి చూడండి. కాశీ దగ్గరనిపిస్తుంది.

ఇది తొంభై ఆరు నాటి మాట. మా పెద్దమ్మ తిప్పతీగను ఎండబెట్టి, దంచి, జల్లెడ పట్టి, బజారులో కొన్న ఖాళీ క్యాప్సూళ్లలో నింపి ఇల్లిల్లూ తిరిగి అమ్మేది. "తీగ తప్ప ఇండ్ల ఇంకోటి లేదు" అని ప్రతివాళ్లకూ ఒట్టేసి చెప్పేది. తార్నాకలో ఆయుర్వేద దుకాణం నడిపే కర్నూలు ఓబుళరెడ్డి ఆమె డబ్బాలు పేర్చుకోవడానికి అందులో ఒక అర ఇస్తానన్నాడు. షరతు ఒకటే: ఏది ఎక్కడిదో, ఎలా తెచ్చిందో ఆమే వచ్చి చెప్పాలి. అంతకుముందు సరుకిచ్చినవాళ్లు యూనివర్సిటీ చెట్ల మీది తీగను మొదలంటా పీక్కుపోతే, కొనేవాళ్లు వచ్చి ఆయన్ని కడిగేశారట. ఆ అర దొరికితే పెద్దమ్మకు గల్లీలు తిరిగే బాధ తప్పుతుంది. మోకాళ్లు ఆమెవి, ఆశ ఇద్దరిదీ.

ముందు యూనివర్సిటీలో అడిగి తీగ కోసుకుని, ఆ తర్వాత దుకాణానికి పోదామని ఉదయం ఎనిమిదింటికి సీతాఫల్‌మండిలో బస్సెక్కాం. నా చేతిలో నింపిన డబ్బాల సంచి, ఆమె చేతిలో పసుపు, దారం, కొడవలి. కొడవలి చూసి కండక్టర్ చిల్లర మొత్తం ఇచ్చేశాడు.

"ఏడికమ్మా, కొడవలి పట్టుకొని?" అన్నాడు పక్కసీటాయన.

"యూనివర్సిటీకి."

"ఏం చదువుతున్నవేంది?"

"నేను గాదు, మా పోరడు. ఏడోది తప్పిండు, గట్లనే ముంగటికి పోతుండు."

అబద్ధం కాదు. ఏడో తరగతి నుంచి సరాసరి యూనివర్సిటీ గేటు దాటినవాణ్ణి నేనే అయ్యుంటాను.

తార్నాకలో దిగి ఇడ్లీ తిన్నాం. చట్నీ రెండోసారి అడగొచ్చు. మూడోసారి అడిగితే సర్వర్ మీ ఊరు అడుగుతాడు. అక్కణ్ణుంచి క్యాంపస్‌కు నడక. ఎండాకాలమైతే ఆటో చూసుకోండి.

గేటు దగ్గర అడిగితే చెట్ల బాధ్యత చూసే వృక్షశాస్త్రం ప్రొఫెసరు దగ్గరికి పంపారు. అడిగి కోసుకునే మనిషిని చూసి ఆయన కుర్చీలోంచి లేచారు. తానే హాస్టల్ వెనక వేపచెట్టు దగ్గరికి తీసుకెళ్లి, "మొదలు జోలికి పోకుండా నాలుగు మూరలు కోసుకోమ్మా" అన్నారు.

"మీరు ఒప్పుకున్నరు సారూ. గిప్పుడు తీగ ఒప్పుకోవాలె."

మాలో పద్ధతి అది. మందు కోసం కోసే ముందు తీగకు పసుపు పెట్టి, దారం కట్టి, ఎందుకు కావాలో చెప్పి కాసేపు ఆగాలి. ఎవరైనా ఒక్క తుమ్ము తుమ్మితే తీగ వద్దన్నట్టు. రెండోది కూడా పడితే దోషం లేనట్టు.

"తల్లీ, నలుగురి పానానికి అడుగుతున్న. నీ పానం తియ్యను" అని దండం పెట్టింది పెద్దమ్మ.

ప్రొఫెసరుగారు తుమ్మారు. ఒక్కటే.

పెద్దమ్మ కొడవలి కింద పెట్టేసింది. "ఇంకోటి తుమ్మున్రి సారూ."

"రావడం లేదమ్మా."

"జర కోషిష్ చెయ్యిన్రి."

పాపం, ఆయన సూర్యుడికేసి చూశారు. నేను గడ్డిపరక అందించాను. పెద్దమ్మ నా చేతి మీద ఒక్కటేసింది. "పుల్ల పెట్టి తెప్పిచ్చేది లంచం రా!"

హాస్టల్ కుర్రాళ్లు మూగారు. "సార్, మా పరీక్షలప్పుడు గూడ మీరింత టెన్షన్ పడలే" అన్నాడొకడు. అంత పెద్ద యూనివర్సిటీ ఒక్క తుమ్ము కోసం ఎదురుచూస్తూ నిలబడింది. చివరికి మెస్‌లో ఎండుమిర్చి పోపు వేశారు. సారు తుమ్మారు, కుర్రాళ్లు తుమ్మారు, నేనూ పెద్దమ్మా కూడా తుమ్మాం. మొత్తం సరా బేసా అని వాదన లేచింది.

పెద్దమ్మ కళ్లు తుడుచుకుని తీర్పు చెప్పింది. "ఎన్నైనా గానీ, ఒక్కటైతే గాదు గద." నాలుగు మూరలే కోసింది.

టీ తాగుదామని ప్రొఫెసరుగారు కూడా మాతో తార్నాక దాకా వచ్చారు. కథంతా విని ఓబుళరెడ్డి పొంగిపోయాడు. అర తుడిచి డబ్బాలు వరసగా పేర్చాడు. "ఇదమ్మా నాకు కావాల్సింది! లోపలిది చెప్తివి సరే, పైన ఈ తొడుగు దేంతో చేస్తారు?"

పెద్దమ్మ నన్ను చూసింది. నేను ప్రొఫెసరుగారిని చూశాను.

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. "జిలటిన్ అమ్మా. పశువుల ఎముకలు, తోళ్లు ఉడికించి తీస్తారు."

పెద్దమ్మ అర దగ్గరికి నడిచింది. అర మీది డబ్బాలు ఒక్కొక్కటే దించడం మొదలుపెట్టింది.

"ఏమ్మా, ఆదివారం మటన్ తినవా నువ్వు?" అన్నాడు ఓబుళరెడ్డి.

"మస్తు తింట. మటనని తెలిసే తింట. దీన్ని తీగ తప్ప ఇంకోటి లేదని ఒట్టేసి అమ్మిన గద!"

"ఉండనీలేమ్మా, ఇదంతా ఎవరడుగుతారు?"

"నువ్వే గద అడిగినవు రెడ్డీ!"

ఓబుళరెడ్డి నెత్తి గోక్కున్నాడు. చాలాసేపే గోక్కున్నాడు. "సరే, పొట్లాలు కట్టి తీసుకురాపో. అంతదాకా ఈ అరలో ఏమీ పెట్టను."

తిరుగు ప్రయాణంలో బస్సు ఖాళీగానే ఉంది. పెద్దమ్మ కొంగు పరుచుకుని ఒక్కో క్యాప్సూల్ విప్పి పొడి రాల్చసాగింది. పక్కన కూర్చున్నామె సంగతి తెలుసుకుని, చిక్కుడుకాయలు ఒలిచినట్టు తానూ ఒక డబ్బా అందుకుంది. మెట్టుగూడ వచ్చేసరికి ముందు సీట్లన్నీ ఒలుస్తున్నాయి. టికెట్లు కొట్టడం అయ్యాక కండక్టరూ ఒక గుప్పెడు తీసుకున్నాడు.

నా సంచి నిండా ఖాళీ తొడుగులు. "ఇవేం జెయ్యాలె పెద్దమ్మా?"

"పారెయ్యకు. దేనివో తెలిసినంక ఎట్ల పారేస్తం? ఇంటెనక పూడుద్దాం."

యాత్ర నుంచి జనం ప్రసాదం తెస్తారు, బొమ్మలు తెస్తారు. శవయాత్ర తెచ్చింది మాత్రం మేమే. దిగబోతుంటే పక్కన కూర్చున్నామె పొడి అంటిన చేతులు దులుపుకుంటూ నన్ను ఆపింది.

"నా పేరు మీద గూడ ఓ పిడికెడు మన్ను ఎయ్యి బిడ్డా."