మా తోటికోడలి కారు, మా కారు

మా తోటికోడలు వాళ్ళు కారు కొన్నారని తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు. మా ఆయన అడిగితే కడుపులో బాగోలేదన్నాను. అబద్ధమేమీ కాదు, అది కడుపుమంటే. ఎదుటివాళ్ళని చూసి కుళ్ళుకోకూడదని ఆ మధ్యాహ్నమే పిల్లలకు పాఠం చెప్పి వచ్చిన బడిపంతులమ్మని, రాత్రి కంచం ముందు కూర్చుని ఇంకొకరి కారు తలుచుకుంటూ ముద్ద మింగలేకపోయాను. ఇప్పుడు చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

మా ఆయనా నేనూ విజయనగరంలో టీచర్లం. మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, శ్రీకాకుళంలో చేపల వ్యాపారం చేసేవారు. ఆయన భార్యే మా తోటికోడలు. మా అత్త కళింగపట్నంలో ఉండేది. కొడుకులిద్దరూ ఎదిగొచ్చినా తన పని మాత్రం మానలేదు. నెత్తళ్ళూ సావిళ్ళూ లాంటి చేపలు ఇసుకలో ఎండబెట్టి, గంపకెత్తుకుని, ప్రతి ఆదివారం విజయనగరం తెచ్చి వాడుక ఇళ్ళలో అమ్ముకునేది. ఆ గంపతో బస్సెక్కినప్పుడల్లా కండక్టరుతో ఒక తగాదా. పక్క సీటువాళ్ళు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటే, ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేదట.

కారొచ్చాక ఆ బాధ తీరింది. బావగారికి ఆదివారం విజయనగరం మార్కెట్లో పనుండేది. వస్తూ వస్తూ కళింగపట్నం వెళ్ళి తల్లిని ఎక్కించుకొచ్చేవారు. మా వీధి మలుపులో ఆ వెండిరంగు సెడాన్ ఆగేది. ముందు సీట్లోంచి మా అత్త దిగేది. వెనక కిటికీలోంచి మా తోటికోడలు నాకు చెయ్యి ఊపేది. మామూలుగానే ఊపేది పాపం, కానీ నాకు ఒళ్ళు మండిపోయేది. మేమూ కారు కొనాలి, అది వాళ్ళదానికంటే మంచిదై ఉండాలి, మా అత్త దాని ముందు సీట్లో కూర్చుని మా ఇంటికి రావాలి. మూడేళ్ళపాటు నాకున్న కోరిక ఇదొక్కటే.

నాలుగు నెలలు బళ్ళ గురించి చదివాను. పరీక్షలకు కూడా అంత చదివి ఉండను. ఒక నోటుబుక్కు పెట్టి, పిల్లల పేపర్లు దిద్దే ఎర్ర పెన్నుతోనే మూడు సెడాన్లకు మార్కులు వేశాను. మొదటిది పెట్రోలు బండి. స్టార్టు చేసినట్టే తెలియదు, ఏళ్ళ తరబడి ఇంజను జోలికి వెళ్ళక్కర్లేదని అందరూ అన్నారు, కానీ ధర ఎక్కువ, మైలేజీ అంతంత మాత్రం. రెండోది కంటికి బాగుంటుంది, లోపల హంగులకు లోటులేదు, ఏదైనా పాడైతే మాత్రం సామాను విశాఖపట్నం నుంచి రావాలి. మూడోది డీజిలు. సీట్లు గట్టిగా ఉంటాయి, ఇంజను కాస్త గురగురమంటుంది, కానీ లీటరుకి ఇరవై రెండు ఇస్తుంది. పైగా డిక్కీ ఆ మూడింట్లోకీ పెద్దది. డిక్కీకి పదికి పది వేశాను.

పుస్తకాల్లో రాసింది నమ్మకుండా స్టేషను దగ్గర టాక్సీ స్టాండుకు కూడా వెళ్ళాను. చీర కట్టుకున్న ఆడమనిషి వచ్చి, క్లచ్చు ప్లేట్లు ఎన్నాళ్ళకు మార్చావని అడిగితే డ్రైవర్లు మొదట నవ్వారు, తరవాత టీ తెప్పించారు. లక్ష కిలోమీటర్లు దాటినా ఇంజను విప్పలేదని డీజిలు బండివాడు ప్రమాణం చేసి చెప్పాడు. షోరూములో కుర్రాడు నా ప్రశ్నలకు మా ఆయన మొహం చూసి జవాబులు చెబుతుంటే, ఇంజన్లో ఉండేది చెయినా బెల్టా అని అడిగాను. వాడు లోపలికి వెళ్ళి ఎవర్నో కనుక్కుని వచ్చాడు. అప్పటినుంచి నా వైపు చూసే మాట్లాడాడు.

సరైన మాట చెప్పినవాడు ఒక్కడే, మా ఆయన స్కూటరు బాగుచేసే మెకానిక్కు. మీరిద్దరూ బడికెళ్ళి వచ్చే దూరానికి డీజిలెందుకమ్మా అన్నాడు. ఇంజను సరిగా వేడెక్కేలోపే ఇల్లొచ్చేస్తుంది, అలా తిప్పితే లోపల మసి పేరుకుపోతుంది, బుద్ధిగా పెట్రోలు బండి తీసుకోండి అన్నాడు. నా నోటుబుక్కులో లెక్క కూడా అదే చెబుతోంది. కానీ మా తోటికోడలు వాళ్ళ బండి లీటరుకి పద్దెనిమిది ఇస్తుందని అప్పటికే కూపీ లాగాను. ఇరవై రెండు నన్ను ఊరిస్తుంటే ఇంకెవరి మాట చెవికెక్కుతుంది? డీజిలు బండే కొన్నాం.

అమ్మవారి గుడి ముందు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించిన మర్నాడు, డిక్కీ కొలతలు తీయించి అందులో మెత్తటి బూడిదరంగు కార్పెట్టు వేయించాను. ఇది ఎందుకు చేశానో చెప్పాలి. మాదీ సముద్రం మీద చేపలవేటకెళ్ళే వాళ్ళ కుటుంబమే. మా నాన్నకు గుమాస్తా ఉద్యోగం వచ్చి పట్నం చేరాం. బళ్ళో నా పక్కన కూర్చున్న పిల్ల ఒకరోజు ముక్కు మూసుకుని లేచిపోయి వేరే బల్ల మీద కూర్చుంది. ఆ వారమంతా నేను రోజుకు రెండుసార్లు తలంటుకున్నాను. మా అమ్మ కొట్టినా మానలేదు. అప్పటినుంచి నా బట్టలకు గానీ, నా సంచికి గానీ, నా ఇంటికి గానీ ఆ వాసన తగలనివ్వలేదు. కారుకు మాత్రం తగలనిస్తానా?

శనివారం సాయంత్రం కారేసుకుని కళింగపట్నం వెళ్ళాం. మర్నాడు మా అత్తను మేమే తెస్తామని, బావగారిని రావద్దనీ మా ఆయన చేత ముందే ఫోను చేయించాను. తెల్లవారేసరికి అత్త తలకు నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని, గంప పక్కన పెట్టుకుని వాకిట్లో సిద్ధంగా ఉంది. కారు చుట్టూ తిరిగి చూసింది. బానెట్టు మీద చెయ్యి వేసి బాగుందంది. నేను డిక్కీ తెరిచి కార్పెట్టు చూపించాను. ఆ చూపించడంలోనే, గంపను ఆటోలో వేసి బస్సుకు పంపేద్దాం అత్తా, నువ్వు మాతో కూర్చో అన్నాను. ఆవిడ కార్పెట్టు వంక కాసేపు చూసింది.

"ఎల్లండమ్మా, నాను బస్సుకొచ్చేస్తాను," అంది.

దారంతా నేను మా ఆయన్ని సాధించాను. మీ అమ్మకు పెద్దకొడుకంటేనే ప్రాణం, మనం బంగారు పల్లకీ తెచ్చినా ఎక్కదు అన్నాను.  ఆ తరవాతి ఆదివారం నుంచి మళ్ళీ వెండిరంగు కారే. మళ్ళీ ముందు సీట్లో మా అత్తే.

నేనూ ఊరుకోలేదు. విశాఖపట్నంలో చుట్టాల పెళ్ళికి రెండు కార్లూ బయల్దేరినప్పుడు పందెం పెట్టాను. ఒకే బంకులో రెండు ట్యాంకులూ మూతిదాకా పోయించి, తిరిగొచ్చాక మళ్ళీ మూతిదాకా పోయించి లెక్క చూడాలి. మా బండి ఏసీ కట్టేయించి మరీ నడిపించాను, అది ఎవరికీ చెప్పలేదు. మా ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయింది. మాది ఇరవై రెండు దాటింది, వాళ్ళది పద్దెనిమిది కూడా రాలేదు. బంకు దగ్గరే అందరికీ వినబడేలా చదివాను. మా తోటికోడలు నవ్వి, నీదే మంచి బండిలేవే అంది. ఆవిడ ఏడ్చి ఉంటే నాకు హాయిగా ఉండేది. నేనలా లెక్క చదువుతుండగానే మా అత్త వెళ్ళి వాళ్ళ కారెక్కి కూర్చుంది. ఆ రోజు ఆవిడ చేతిలో గంప కూడా లేదు. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

మూడో ఏడు మా కారు నల్లటి పొగ వదిలి, ఎత్తు ఎక్కలేక మొరాయించింది. మెకానిక్కు ఇంజను విప్పి, మసి పట్టిన వేళ్ళు నాకు చూపించాడు. ముందే చెప్పానుగా అని మాత్రం అనలేదు, మంచివాడు. ఆ వారం కళింగపట్నం వెళ్ళక తప్పని పని పడి, తిరుగు దారిలో మొదటిసారి మా తోటికోడలి కారెక్కాను.

తలుపు తియ్యగానే ఎండుచేపల వాసన గుప్పుమంది. సీట్ల మీద మా అత్త పాత చీరలు పరిచి ఉన్నాయి. వెనక డిక్కీలో టార్పాలిన్, దాని మీద గంప, గంప పక్కన రొయ్యపొట్టు మూట. మా తోటికోడలు వెనక సీట్లో ఆ వాసనలోనే కూర్చుని హాయిగా పల్లీలు తింటోంది. నాకు తెలియకుండానే నా కొంగు ముక్కు దాకా వెళ్ళింది. ముందున్న అద్దంలో మా అత్త అది చూసింది.  పట్టుబడ్డదాన్ని నేనే గనక నాకు కోపం వచ్చింది. ఆ కోపంలో అడిగేశాను, మా కారు ఎందుకెక్కవత్తా, మేమేం పాపం చేశాం అని.

ఆవిడ వెనక్కి తిరగలేదు. గొంతు కూడా పెంచలేదు.

"గంపొగ్గేసి రమ్మన్నావు గదమ్మా. అది మోసే మీ ఆయన్ని సదివించాను. దానికి సోటు నేని బండిలో నాకేటి సోటుంటాది, సెప్పు?"

బావగారు రేడియో కట్టేశారు. మా తోటికోడలు పల్లీల పొట్లం నా ఒళ్ళో పెట్టి కిటికీ వైపు తిరిగింది. తప్పయింది అత్తా అని ఒక్క మాట అంటే సరిపోయేది.  ఇల్లు చేరేదాకా ఒక్కొక్క పల్లీ ఒలుస్తూ కూర్చున్నాను, ఒకటీ తినలేదు.

ఆ తరవాత కూడా పౌరుషం అడ్డొచ్చి నెలలు గడిపేశాను. మా కారు బాగై ఇంటికొచ్చింది. డిక్కీ తెరిచినప్పుడల్లా కార్పెట్టు నన్ను వెక్కిరించినట్టుండేది. ఒక ఆదివారం ఇక ఉండబట్టలేక దాన్ని పీకి డాబా మీద పడేశాను. కొత్త టార్పాలిన్ కొని పరిచాను. మా ఆయన నిద్ర లేచేలోపే కారు కడిగి, కళింగపట్నం పదమన్నాను.

మా అత్త అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. మోకాళ్ళు బాగా వాచాయి. ఇంక గంపెత్తొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడట, ఆవిడా నెల్లాళ్ళ కిందటే మానేసిందట. మాకు కబురు కూడా పెట్టలేదు, ఆదివారాలు రాకపోతే నా మీద కోపమేమో అనుకున్నాను. గంప చూరుకు వేలాడుతోంది, అందులో ఉల్లిపాయలు పోసి ఉన్నాయి. నేను వెళ్ళి డిక్కీ తెరిచి, టార్పాలిన్ చూపించి నిలబడ్డాను.  ఆవిడ టార్పాలిన్ కేసి చూసింది, నాకేసి చూసింది. నా భుజం పట్టుకుని లేచి, మెల్లిగా నడిచి వెళ్ళి ముందు సీట్లో కూర్చుంది.

ఊరు దాటాక కిటికీ అద్దం దించమంది. గాలి మొహానికి తగులుతుంటే కాసేపు కళ్ళు మూసుకుని, తరవాత మా ఆయన్ని అడిగింది.

"ఏటిరా, ఈ బండి లీటరుకెంతిస్తాది?"

ఆయన ఇరవై రెండన్నారు. "అబ్బో, పెద్దోడిది అంతివ్వదు," అంది మా అత్త.

ఆ మాట వినడానికి నేను మూడేళ్ళు పడిచచ్చాను. నోటుబుక్కు నింపాను, ఇంజను నాశనం చేశాను, మండుటెండలో ఏసీ కట్టేయించాను. వెనక సీట్లో కూర్చుని ఊరికే తల ఊపాను.

ఇంటికొచ్చి అత్తకు మంచం వేశాక, బయటికొచ్చి డిక్కీ తెరిచి తల లోపలికి పెట్టి చూశాను. కొత్త టార్పాలిన్ వాసన తప్ప ఏమీ రాలేదు. శ్రీకాకుళంలో ఆ వెండిరంగు కారు డిక్కీ తెరిస్తే ఇప్పటికీ గుప్పుమంటుంది. మా తోటికోడలి మీద నాకు మళ్ళీ కుళ్ళు పుట్టింది.