ఏలిక్కుట్టి డబుల్ బెల్

ఏలిక్కుట్టి ఏ గుమ్మం దాటాలన్నా ముందు తలుపు చెక్కమీద వేళ్ళ కణుపులతో రెండుసార్లు కొడుతుంది. వంటింట్లోంచి వసారాలోకి వచ్చినా అంతే, చర్చిలోంచి బయటికి వచ్చినా అంతే. టక్ టక్. ఆ తర్వాతే అడుగు పడుతుంది. ఇరవై నాలుగేళ్ళు సర్కారు బస్సులో కండక్టరుగా చేసిందావిడ. పాలా ఊరి నుంచి వాగమణ్ కొండకి, కొండమీంచి మళ్ళీ పాలాకి. తాడు ఒకసారి లాగితే డ్రైవరు నెత్తిమీద గంట ఒకసారి మోగుతుంది, బస్సు ఆగాలి. రెండుసార్లు మోగితే, అంటే డబుల్ కొడితే, కదలాలి. ఉద్యోగం అయిపోయినా ఆవిడ కాళ్ళు ఆ రెండు దెబ్బలూ వింటే గాని కదలవు.

కూర్చోవడం ఆవిడకి రాదు. టీ కూడా నిలబడే తాగుతుంది, వసారా స్తంభానికి వీపు ఆనించి, పాదాలు ఎడంగా పెట్టి, ఏదో మలుపు వస్తున్నట్టు అటూ ఇటూ ఊగుతూ. వాళ్ళ మేడమీద గదిలో అద్దెకి దిగిన కొత్తలో ఆవిడకి నడుము నొప్పేమో అనుకున్నాను. నొప్పి కాదు. ఇల్లు కదలడం లేదని బాధ.

ఆ బస్సులో పదకొండేళ్ళు ఆవిడ గంట విని బండి నడిపినవాడు ఔసేప్పచ్చన్, ఆవిడ భర్త. రిటైరైన మరుసటి ఏడాదే ఆయనకి పక్షవాతం వచ్చింది. ఎడమ కాలూ ఎడమ చెయ్యీ పట్టు తప్పాయి. మాట నెమ్మదించింది. చెప్పాల్సింది లోపల తయారుగానే ఉంటుంది, పెదాల దాకా రావడానికే ఆలస్యం.

ఇల్లేమో తీక్కోయి ఊరు దాటాక, రోడ్డు మీంచి రబ్బరు తోటలోకి నిట్టనిలువుగా ఎక్కే సిమెంటు దారి చివర ఉంటుంది. సగం దూరంలో జాజికాయ చెట్టు, దాని దగ్గర మలుపు. వానాకాలం వస్తే సిమెంటు గాట్లలో పాచి పడుతుంది. ఆటోవాళ్ళు కింద గేటు దగ్గరే ఆపి "పైకి రాదు చేచ్చీ, రాదక్కా" అనేస్తారు. జబ్బు చేసిన రోజున ఔసేప్పచ్చన్‌ని నలుగురు మనుషులు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి కిందికి మోసుకెళ్ళారు. గేటు ఎదురుగా టీ కొట్టు. అందులో వాళ్ళంతా లేచి నిలబడి చూశారట. ముప్ఫై ఏళ్ళు ఆ కొట్టు ముందునుంచి హారన్ కొట్టుకుంటూ పోయిన మనిషి. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చి, మళ్ళీ కుర్చీలో మోయించుకుని పైకెక్కి, ఒకే మాట అన్నాడు. "ఇక దిగను."

పద్నాలుగు నెలలు దిగలేదు. ఆయన తమ్ముడు కురియాచ్చన్‌కి జీపుంది గాని దానిలోకి ఎక్కాలంటే ఎడమ కాలు లేవదు, మళ్ళీ ఎవరో ఒకరు ఎత్తాలి. పక్కింటివాళ్ళ చిన్న కారు తెప్పిస్తే అది మరీ కింద, కూర్చుంటే లేవలేడు. వారానికి రెండుసార్లు పాలా వచ్చి కాలికి వ్యాయామం చేయించుకోకపోతే ఉన్న పట్టు కూడా పోతుందని డాక్టరు చెప్పాడు. ఔసేప్పచ్చన్ వసారాలో కూర్చుని కింద రోడ్డుమీద పోయే బస్సులని చప్పుడుని బట్టి చెబుతూ ఉండేవాడు. ఏలిక్కుట్టి స్తంభం దగ్గర ఊగుతూ ఉండేది. ఊగి ఊగి ఒకరోజు ఎవరికీ చెప్పకుండా ఈరాట్టుపేట డ్రైవింగు స్కూల్లో చేరింది. లైసెన్సు పరీక్షలో బండిని H ఆకారంలో ముందుకీ వెనక్కీ తిప్పడం మొదటిసారి తప్పింది, రెండోసారి గెలిచింది. ఆ కార్డు తెచ్చి భర్త ఒళ్ళో పడేస్తే ఆయన చాలాసేపు దాన్ని తిప్పి తిప్పి చూసి "ఫొటో బాగుంది" అన్నాడు.

జూన్ నెలలో ఒక వాన రోజు పాలా షోరూముకి వెళ్తూ నన్ను తోడు రమ్మంది. అక్కడ జిస్మి అనే అమ్మాయి, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో గొడుగు, మమ్మల్ని ఎర్ర బండి దగ్గరికి తీసుకెళ్ళింది. జీపు కాదు, చిన్న కారూ కాదు. రెండింటికీ మధ్య ఎత్తు. చిన్న కారుకి మోకాళ్ళు పొడుగు చేసినట్టుంది. నడిపి చూడమని జిస్మి తాళం ఇచ్చింది. ఏలిక్కుట్టి తలుపు మీద టక్ టక్ కొట్టి, వెనక తలుపు తీసి, ఎక్కి కూర్చుంది.

"ఆంటీ, స్టీరింగు ముందు ఉంటుంది" అంది జిస్మి.

"తెలుసమ్మా. అలవాటు" అని దిగి ముందుకి వెళ్ళిందావిడ. చెవులు ఎర్రబడ్డాయి.

సీటులో ఎక్కడమూ దిగడమూ నాలుగుసార్లు చేసింది. కూర్చోవడానికి వంగక్కర్లేదు, ఎక్కడానికి కాలు లేపక్కర్లేదు. పిరుదులు ఎక్కడున్నాయో సీటూ అక్కడే ఉంది. పక్క సీటు దగ్గరికి పోయి, ఎడమ కాలు చచ్చుబడినట్టు ఈడ్చుకుంటూ, వెనక్కి తిరిగి కూర్చుని, చేతులతో కాలు లోపలికి పెట్టుకుని చూసింది. జిస్మి నవ్వబోయి నా ముఖం చూసి ఊరుకుంది.

బండి కదిలాక ఏలిక్కుట్టి మొదటి ఫిర్యాదు చప్పుడు లేదని. "ఇంజన్ ఉందా, వదిలేసి వచ్చామా?" రెండోది స్టీరింగు గురించి. "ఇంత మెత్తగా తిరిగితే ఎలా? చక్రాలకి తెలుస్తుందా, నేను తిప్పినట్టు?" మూడోది, బానెట్ చివర కనబడటం లేదు. కాని కొట్టారమట్టం కూడలి వచ్చేసరికి గొణుగుడు ఆగిపోయింది. మలుపుకి ముందే ఒళ్ళు అటు వంగుతోంది, బస్సులో వంగినట్టే. కొత్త ప్లాస్టిక్ వాసన. అద్దాల మీద వాన.

"ఇక్కడ వెనక్కి తిప్పాలి ఆంటీ. మా రూలు ఎనిమిది కిలోమీటర్లే."

"మా ఇంటి ఎక్కుడు ఎనిమిది కిలోమీటర్లలో లేదు కదా."

"మేనేజరు తిడతాడు."

"నన్ను ఇరవై నాలుగేళ్ళు తిట్టారు. ఏమీ కాదు. ఫోను చెయ్యి."

వాన వల్ల షోరూములో ఎవరూ లేరు కాబట్టి మేనేజరు ఒప్పుకున్నాడు.

గేటు దగ్గర టీ కొట్టువాళ్ళు తలలు తిప్పి చూశారు. ఏలిక్కుట్టి వాళ్ళవైపు చూడలేదు. మొదటి గేరులో, పెదవి కొరుక్కుంటూ, పాచి మీంచి ఎక్కించేసింది. ఏమీ కాలేదు. వసారాలో ఔసేప్పచ్చన్ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. పక్కన లుంగీ మడిచి కట్టుకుని కురియాచ్చన్.

"ఖాళీ బండి... మేక కూడా... ఎక్కిస్తుంది" అన్నాడు ఔసేప్పచ్చన్.

"ఖాళీ ఎందుకు, ఇచ్చాయా? ముగ్గురం ఉన్నాం" అందావిడ దిగకుండానే. భర్తని ఆవిడ పిలిచే పిలుపు అదే, ఇచ్చాయన్ అని.

కురియాచ్చన్ వదినని చూసి నవ్వాడు. "ముగ్గురు ఆడవాళ్ళు ఒక బరువా చేట్టత్తీ? ఇది బండి కాదు, కోడిగుడ్డు. జీపు అమ్మేవాడు ఉన్నాడు, చెబితే వినరు."

"నీ జీపులోకి మీ అన్నయ్యని ఎక్కించు చూద్దాం. నిచ్చెన తెచ్చుకో."

ఔసేప్పచ్చన్ బండి చుట్టూ కళ్ళతోనే ఒక ప్రదక్షిణం చేశాడు. టైర్లూ, అడుగున నేలకీ బండికీ మధ్య ఖాళీ, అన్నీ. ఆయన కుడిచెయ్యి కుర్చీ చేతిమీద నిమురుతూనే ఉంది. ఆ వేళ్ళు ఊరుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"నిండా... మనుషులుండాలి. డిక్కీలో... బరువుండాలి. ఒక్క ఊపులో... పైకొస్తే... కొనుక్కో." ఊపిరి తీసుకున్నాడు. "మధ్యలో ఆగితే... ఈ ఇంట్లో... కారు మాట... ఇక లేదు."

"నిండా అంటే నువ్వూ ఉండాలి."

ఆయన కింద గేటు వైపు చూశాడు.

"మోసేవాళ్ళు ఎవరూ లేరు" అంది ఏలిక్కుట్టి గొంతు తగ్గించి. "నువ్వే ఎక్కుతావు. సీటు నీ నడుము ఎత్తే. నేను కొలిచొచ్చాను."

చేతికర్ర మీద తొమ్మిది అడుగులు. ఎవరూ పట్టుకోకూడదన్నాడు కాబట్టి ఎవరం పట్టుకోలేదు. కురియాచ్చన్ చేతులు మాత్రం గాల్లో అన్నయ్య వెనకే నడిచాయి. ఔసేప్పచ్చన్ వెనక్కి తిరిగి, సీటు తడుముకుని, కూర్చున్నాడు. కుడిచేత్తో ఎడమ కాలు లోపల పెట్టుకున్నాడు. ఏలిక్కుట్టి ఎదురుగా అద్దంలోకి చూస్తూ ఉండిపోయింది, అటు చూస్తే ఏదో చెడిపోతుందన్నట్టు.

బరువు కోసం కురియాచ్చన్ రెండు పెద్ద పనసకాయలు తెచ్చాడు. జిస్మి పరిగెత్తింది. "అయ్యో అంకుల్, జిగురు! ఇది షోరూము బండి!" పాత పేపర్లు పరిచి, ప్లాస్టిక్ సంచి పరిచి, కాయలు ఎక్కించాక గాని ఊపిరి పీల్చుకోలేదు. వెనక సీటులో నేనూ, జిస్మీ, మధ్యలో మోకాళ్ళు గడ్డానికి తగులుతూ కురియాచ్చన్.

బండి మెల్లగా కిందికి దిగింది. రోడ్డు మీద కిలోమీటరు దూరం వెళ్ళి తిరిగాం. ఎదురుగా వాగమణ్ బస్సు వచ్చింది. ఔసేప్పచ్చన్ దానిని చూడలేదు, విన్నాడు. "క్లచ్చు... పోయింది దానికి" అన్నాడు. టీ కొట్టు ముందు నుంచి పోతుంటే తల నిటారుగా పెట్టుకున్నాడు. లోపల నుంచి ఎవరో "ఔసేప్పచ్చాయా!" అని కేకేశారు. ఆయన చెయ్యి ఎత్తేలోపు గేటు దాటేశాం.

ఇక ఎక్కుడు. ఇంజన్ గొంతు మారింది. వెనక పనసకాయ దొర్లి తలుపుకి కొట్టుకుంది. కురియాచ్చన్ "గేరు, గేరు" అంటున్నాడు, జిస్మి "వదలకండి ఆంటీ" అంటోంది, ఏలిక్కుట్టి మెడ మీద చెమట. జాజికాయ చెట్టు దగ్గర మలుపులో ఎడమ చక్రం పాచి మీద ఒక్కసారి జారింది. ఔసేప్పచ్చన్ ఏదో చెప్పబోయాడు. మాట రాలేదు. చెయ్యి ముందొచ్చింది. డాష్‌బోర్డు మీద ఒక్క దెబ్బ.

టక్.

బండి ఆగిపోయింది. ఏలిక్కుట్టి బ్రేకు నిండా తొక్కేసింది.

సరిగ్గా మలుపులో, ముక్కు ఆకాశానికి పెట్టి, ఐదుగురితో, రెండు పనసకాయలతో. వైపర్లు అద్దం మీద అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి.

"ఎందుకాపావు చేట్టత్తీ?" అని అరిచాడు కురియాచ్చన్. "బాగా ఎక్కుతోంది కదా! అయిపోయింది. ఆగిపోయింది. రాయి పెట్టనా చక్రం కింద?"

"కదలకు. నువ్వు దిగితే బరువు తగ్గిందంటాడు." హ్యాండ్ బ్రేకు లాగి, భర్త వైపు తిరిగింది. ఆయన బండెక్కాక ఆవిడ ఆయన ముఖం చూడటం అదే మొదటిసారి. "సింగిల్ ఎవరు కొట్టారు?"

ఔసేప్పచ్చన్ తన చేతిని చూసుకున్నాడు. "నేను... జాగ్రత్త అని..."

"సింగిల్ కొడితే ఆపాలా వద్దా?"

"ఆపాలి."

"పదకొండేళ్ళలో నీకు నేను ఒక్కసారైనా ఊరికే సింగిల్ కొట్టానా? ఎక్కేవాడు లేకుండా, దిగేవాడు లేకుండా?"

"లేదు" అన్నాడాయన. చిన్నగా, పట్టుబడ్డ మనిషిలా.

"ఇప్పుడెలా పోవాలి?"

"పోనీ."

"పోనీ అంటే పోదు. డబుల్ కొట్టు."

"నేను డ్రైవర్నే. గంట... నా పని కాదు."

"ఇవాళ నువ్వు డ్రైవరువి కాదు, ఇచ్చాయా."

ఆ మాట అన్నాక ఆవిడే బెదిరినట్టయింది. జిస్మి నా చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న సంగతి ఆ అమ్మాయికి తెలిసినట్టు లేదు. వాన పెరిగింది. కింద గేటు దగ్గర టీ కొట్టువాళ్ళు ఇద్దరు గొడుగులు పట్టుకుని పైకి చూస్తున్నారు. మళ్ళీ ఎవరో వచ్చి ఆయనని మోయాల్సి వస్తుందేమో అనుకున్నాను. కురియాచ్చన్ కూడా అదే అనుకున్నాడేమో, నా మీంచి వంగి కిటికీ అద్దం దించి వాళ్ళని పొమ్మని చెయ్యి ఊపాడు.

ఔసేప్పచ్చన్ ఎదురుగా ఎక్కుడు చూశాడు. పాచి చూశాడు. తర్వాత వేళ్ళు ముడిచి, డాష్‌బోర్డు మీద, తలుపు తట్టే కొత్త మనిషిలా మెల్లగా కొట్టాడు. టక్. ఆగాడు. ఏలిక్కుట్టి కదలలేదు. టక్.

ఆవిడ హ్యాండ్ బ్రేకు దించింది. బండి రెండు వేళ్ళ వెడల్పు వెనక్కి జారింది. జిస్మి "మాతావే!" అని దేవమాతని పిలిచింది. ఇంజన్ అరిచింది, రబ్బరు వాసన వచ్చింది, చక్రం పాచి వదిలి గాటు పట్టుకుంది. జాజికాయ కొమ్మలు కిటికీ రాసుకుంటూ వెనక్కి పోయాయి. బండి వసారా ముందుకొచ్చి ఆగింది.

"మధ్యలో ఆగింది" అన్నాడు కురియాచ్చన్. కాని గొంతులో పోట్లాట లేదు. "పందెం ప్రకారం..."

"నోర్ముయ్" అన్నాడు అన్నయ్య. ఈసారి మాట తడబాటు లేకుండా వచ్చింది. తర్వాతిదే మళ్ళీ నెమ్మదించింది. "సింగిల్ విని... ఆపకపోతే... కేసు రాసేవాణ్ణి." కర్ర తడుముకుంటూ, "ఆగి ఎక్కింది కదా. ఊపులో... ఎవడైనా... ఎక్కిస్తాడు."

ఏలిక్కుట్టి దిగలేదు. స్టీరింగు పట్టుకునే కూర్చుంది. ఎంతసేపంటే, జిస్మి డిక్కీ తెరిచి, పేపరు దాటి చాపకి అంటిన పనస జిగురుని కొబ్బరినూనె అడిగి తుడిచి, కడిగి, మళ్ళీ తుడిచేంతసేపు. కదలని చోట ఆవిడ అంతసేపు కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.

"ఎరుపే కావాలి" అంది చివరికి.

"అది మనసుకి నచ్చిందా ఆంటీ?"

"మనసు సంగతి కాదు. కింద టీ కొట్టువాళ్ళకి కనబడాలి."

అది జరిగి రెండేళ్ళు దాటింది. మంగళవారం, శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకి ఔసేప్పచ్చన్ ఆ ఎర్ర బండిలో పాలా వెళ్తాడు, కాలి వ్యాయామానికి. చేతికర్ర ఇంకా ఉంది. ఏలిక్కుట్టి టీ మాత్రం నిలబడే తాగుతుంది.