పసుపు పట్టించిన తప్పు

2022 వేసవి. అప్పుడు నేను సరిహద్దు అవతల బచేలిలో ఇనుప గని వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌ని. సెలవు రోజుల్లో క్వార్టర్ పెరట్లో కాంపౌండ్ విళ్లు సరిచేసేవాణ్ణి. రెండు కొసలకూ క్యామ్‌లు, అంటే కప్పీల్లాంటి చక్రాలు ఉండే పోటీల విల్లు అది.

ఒక శనివారం మధ్యాహ్నం కన్నమ్మ వచ్చింది. ఎర్రబోరు దగ్గర అంగన్‌వాడీ టీచరు, ఇద్దరు పిల్లల తల్లి. సెకండ్‌హ్యాండ్ విల్లు భుజాన వేసుకుని రెండు బస్సులు మారి వచ్చింది. సోమవారం జగదల్‌పూర్‌లో రాష్ట్ర జట్టు సెలెక్షన్.

"బాణం తోక ఊపుకుంట పోతున్నదన్నా. ఈసారి తప్పితే మళ్ల ఛుట్టీ ఇయ్యరు" అంది.

పేపర్ ట్యూనింగ్ మొదలుపెట్టాను. చట్రానికి న్యూస్‌పేపర్ బిగించి, ఆరడుగుల దూరం నుంచి దాని గుండా బాణం వేయించడమే ఆ పని. గుండ్రటి చిల్లు పడితే బాణం తిన్నగా పోతున్నట్టు. మాకు ప్రతిసారీ ఎడమకి చీలిక పడింది. బాణం ఆనే కొక్కెం ఉంటుంది, రెస్ట్ అంటారు. దాన్ని వెంట్రుకవాసి జరుపుతూ సాయంత్రం దాకా గడిపాను. చీలిక మారలేదు.

విసిగిపోయి, "తప్పు విల్లులో లేదమ్మా, నీ పట్టులో ఉంది" అనేశాను.

ఆమె నొచ్చుకోలేదు. "అట్లనా? నువ్వొకటి ఎయ్యి, జూద్దాం" అంది.

వేశాను. అదే చీలిక.

"నా చెయ్యి తప్పయితే నీ చేతిల సక్కగ పోవాలె గద అన్నా?"

చీకటి పడడంతో పని ఆపాం. ఆ రాత్రి కన్నమ్మ మా ఇంట్లోనే ఉంది.

ఆదివారం పొద్దున మా ఆవిడ కూర తాలింపు వేస్తుంటే, కన్నమ్మ వంటింట్లోంచి చిటికెడు పసుపు నూనెలో కలిపి తెచ్చింది. రెస్ట్‌కి పూసి బాణం వదిలింది. చట్రం వెనకున్న ఇసుక బస్తాలోంచి దాన్ని పీకి చూపించింది. బాణం వెనక ఉండే తెల్లటి ప్లాస్టిక్ ఈక మీద సన్నటి పసుపు గీత.

"పోయేటప్పుడు రాసుకుంటున్నది. మా నాయిన వెదురు విల్లుకి ఈక గీసుకుపోతే గిట్లనే బొగ్గు పూసి జూసేటోడు."

బాణాన్ని నారికి తగిలించే గాడిని నాక్ అంటారు. దాన్ని కాస్త తిప్పి పెట్టాను, ఈక రెస్ట్‌కి దూరం జరిగింది. రెస్ట్‌ని మళ్ళీ మొదటి చోటికి తెచ్చాను. మూడో బాణానికి గుండ్రటి చిల్లు పడింది. కన్నమ్మ ఆ చిల్లులో వేలుపెట్టి పకపకా నవ్వింది. మిగతా బాణాల నాక్‌లు తనే తిప్పుకుంది.

సోమవారం సాయంత్రం ఫోన్ చేసింది. "జట్టుల ఆఖరి పేరు నాదేనన్నా!" వెనక ఎవరో చప్పట్లు కొడుతున్నారు.

ఇరవై ఏళ్ళు మరలు బిగించినవాణ్ణి. శనివారం అన్ని గంటలు ఆమె పక్కనే నిలబడి ఉంటే, "నీకేమనిపిస్తోంది?" అని ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు ఎవరొచ్చినా విల్లు చేతిలోకి తీసుకోకముందే అడుగుతున్నాను.