ఓలి పళ్లెం ఎవరి చేతికి

"ఓలి నా సేతిలో పెట్టాల మామ్మా. మా అయ్య సేతిలో కాదు."

"నోర్ముయ్. ఓలంటే కన్నోళ్లకి ముట్టేది. మద్దెన నీకేటి?"

"కాపరం సేసేది నేను, సొమ్ము ఆయనకా? నార్వే దేశంలో వందల ఏళ్ల కిందటే ఓలి పెళ్లికూతురిదేనంట. ఆళ్ల పాత నీతిపద్దేల్లో పెళ్లి గురించీ, సొమ్ము గురించీ ఎంతుందో ఫోన్లో సదివేను."

"ఆ సలికి ఆళ్ల బుర్రలు గడ్డకట్టేసుంటాయి. నాకు పద్దేలు సెప్పకు."

నిరుడు మాఘమాసంలో, తాంబూలాల ముందురోజు సాయంత్రం, తుమ్మపాలలో గౌరి ఇంటి అరుగు మీద ఆ పిల్లకీ నాకూ జరిగిన గొడవ ఇది. గౌరి పరవాడ మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. నేను అనకాపల్లిలో నలభై ఏళ్లుగా సంబంధాలు కుదురుస్తున్నాను. చదువు మూడో తరగతితో ఆగింది గానీ, బయోడేటా, అంటే పిల్ల వివరాల కాగితం, నా చేత్తోనే రాస్తాను. వెనకవైపు కూడా ఖాళీ వదలను.

మా వాళ్లలో కన్యాశుల్కం, అదే ఓలి, ఇంకా ఉంది. మగపిల్లాడి వైపువారు ఇస్తారు. ఈసారి మూడు తులాల గొలుసు. తాంబూలాల్లో దాన్ని పళ్లెంలో పెట్టి మధ్యవర్తికిస్తే, మధ్యవర్తి పెళ్లికూతురి తండ్రికి అందించాలి. గౌరి తండ్రి ఆ గొలుసు అమ్మి ఇంటికి శ్లాబు వేయించాలనుకున్నాడు.

గౌరి మాటలో తప్పు లేదని నాకు అప్పుడే తెలుసు. అయినా ఒళ్లు మండింది. నా ఓలితో మా అయ్య జత ఎద్దులు కొన్నాడు. వాటి మెడల్లో ఇత్తడి మువ్వలు కట్టాడు. నేను ఒట్టి పసుపుతాడుతో అత్తవారింటికి వెళ్లాను. పుట్టింటికి వెళ్లినప్పుడల్లా ఆ ఎద్దులను చూసి కుళ్లుకునేదాన్ని. ఎద్దుల మీద కుళ్లుకున్న ఆడది ఇంకెక్కడైనా ఉందో లేదో తెలియదు. ఇప్పుడు ఈ పిల్ల నోరు తెరిచి అడుగుతోంది. అడగవచ్చని నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ కుళ్లుతోనే ఈ వృత్తిలో చేయకూడని పని చేశాను. ఒక ఇంటి మాట రెండో ఇంటికి మోశాను. నేరుగా పెళ్లికొడుకు తల్లి సత్తెమ్మ దగ్గరికి వెళ్లాను.

"పిల్లకి సొమ్ము యావ జాస్తి సత్తెమ్మా. ఆలోసించుకో. వద్దంటే ఇంకో సంబంధం సూపిత్తాను."

ఆమె చేటలో బియ్యం ఏరుతూనే అంది: "ఎవరి సేతిలో పెట్టినా మా గొలుసు పోయేదే గదా పిన్నీ. నీకెందుకంత మంట? నీదేటి పోతంది?"

ఇచ్చిన టీ తాగకుండా లేచి వచ్చేశాను. ఊరికే వచ్చిన టీని వదిలేయడం నా జన్మలో అదే మొదటిసారి.

ఈ పనిలోకి కొత్తగా దిగేవాళ్లకు ఒకటే చెబుతాను. జాతకాలు, ఆస్తులు ఎవరైనా చూస్తారు. మనకు దక్కనిది ఎదుటి పిల్లకు దక్కబోతుంటే మన నోరు ఎటు పోతోందో ముందు చూసుకోవాలి. నా కుళ్లు ఈనాటికీ పోలేదు. దాన్ని వెంటబెట్టుకుని ఇంకొకరి గుమ్మం మాత్రం ఎక్కడం లేదు.

మర్నాడు ఉదయం తాంబూలాల్లో సత్తెమ్మ పళ్లెం నా చేతికిచ్చింది. గౌరి తండ్రి కండువా సర్దుకుని రెండు చేతులూ చాచాడు. నేను ఆయన్ని దాటి వెళ్లి గౌరి ఒళ్లో పెట్టాను.

"ఏటిది అత్తా! నన్ను దాటెల్లిపోతన్నావు?" అని ఆయన అరిచాడు.

గౌరి గొలుసు తీసి మెడలో వేసుకుంది. మధ్యవర్తికి పెట్టవలసిన చీర ఆయన నాకు పెట్టలేదు. భోజనం చేసి, ఆటోకి డబ్బులు దండగెందుకని నడిచి ఇంటికి వచ్చాను.