చెయ్యి ముందుగా వెళ్ళే అర

మొన్న ఆదివారం మా ఆఫీసులో కొత్తగా చేరిన శ్రావణి అమెరికాలో, ట్రాయ్‌లోని మా ఇంటికి వచ్చింది. టీ ఆమెనే పెట్టమన్నాను. ఏది ఎక్కడుందో మాత్రం అడగవద్దన్నాను. పాపం, బిత్తరపోయి నా భార్య వైపు చూసింది. "ఏమనుకోకమ్మా, ఈ పిచ్చి ఈయనది కాదు, ఈయన పాత మేనేజర్‌ది" అని నా భార్య నవ్వింది. శ్రావణి ముందుగా స్టవ్‌కి కుడివైపున్న పై అర తెరిచింది. అందులో పప్పుల డబ్బాలున్నాయి. కింద తెరిస్తే గిన్నెలు. ఇంకో రెండు తలుపులు తీసి వేశాక టీ పొడి దొరికింది. డబ్బా మూత తీయగానే యాలకుల వాసన హాలు దాకా వచ్చింది. మా ఇంట్లో టీ పొడిలో యాలకులు దంచి కలపడం కూడా ఆ మేనేజర్ దగ్గర నేర్చుకున్నదే. శ్రావణి వెళ్ళిపోయాక పప్పులు కిందికి దించి, టీ పొడిని కుడివైపు పై అరలోకి మార్చాను.

ఆ మేనేజర్ పేరు వసుంధర గారు. ఆఫీసులో అమెరికన్లు వసు అనేవాళ్ళు. విశాఖపట్నంలో లైబ్రరీ సైన్స్ చదివి, ఇక్కడికి వచ్చాక ఎన్నెన్నో చోట్ల పనిచేసి, చివరికి బ్రేకులు తయారుచేసే ఒక కంపెనీలో స్థిరపడ్డారు. పొట్టి మనిషి. చలికాలం వేసుకునే పెద్ద కోటులో ఇంకా పొట్టిగా కనిపించేవారు. నోరు మాత్రం పెద్దది. కంపెనీ దగ్గరున్న సమాచారమంతా వెతికినవాళ్ళకి దొరికేలా చేయడం మా బృందం పని. నేను కరీంనగర్ నుంచి వచ్చి ఇక్కడ మాస్టర్స్ చేసి, హెచ్-వన్ వీసా మీద ఆమె కింద చేరాను. ప్రోగ్రాములు రాయాల్సిన నన్ను కాగితాలకి పేర్లు పెట్టే పనిలో పడేశారేమిటా అని మొదట్లో లోలోపల గునిసేవాణ్ణి. ఆమె అది కనిపెట్టి, మెకానిక్‌ల ఫోన్లు తీసుకునే వాళ్ళ పక్కన నన్ను కొన్నాళ్ళు ఊరికే కూర్చోబెట్టారు. మా ఇంజనీర్లు పత్రాలన్నింటినీ విభాగాల వారీగా, విడిభాగాల నంబర్ల వారీగా సర్దిపెట్టుకున్నారు. ఫోన్ చేసే మెకానిక్ మాత్రం 'పొద్దున్నే చలికి బ్రేకు కీచుమంటోంది' అంటాడు. ఆ మాటతో వెతికితే మా దగ్గర ఏమీ దొరకదు. జవాబేమో ఉండనే ఉంది.

"ఉంది ఉంది అంటారు అందరూ. ఉంటే సరిపోయిందా? దొరకొద్దూ?" అనేవారు వసుంధర గారు. నాలెడ్జ్ గ్రాఫ్ అంటే ఏమిటో నేను పుస్తకంలో చదువుకుని వచ్చాను గాని, నాకు అర్థమైంది ఆమె చెప్పాకే. "చూడు కిరణ్, ట్యాక్సానమీ అంటే దేన్ని ఏ అరలో పెట్టాలన్నది. అత్తయ్యని ఏ అరలో పెడతావ్? మీ నాన్నకి చెల్లెలు, మీ బావకి అమ్మ, మీ నానమ్మకి కూతురు. ఎవరి వైపు నుంచి వచ్చినా ఆవిడ ఇంటికే చేరాలి కదా. ఆ దారులన్నీ వేసిపెట్టడమే గ్రాఫ్." అప్పటి నుంచి మా బృందంలో దారి సరిగ్గా పడని పత్రానికి 'తప్పిపోయిన అత్తయ్య' అని పేరు పడింది. అమెరికన్లు కూడా అత్తయ్య అనడం నేర్చుకున్నారు, వాళ్ళ యాసలో.

ఆమె ఇంటికి మొదటిసారి వెళ్ళినప్పుడు శ్రావణికి జరిగిందే నాకూ జరిగింది. టీ నన్నే పెట్టమని, తాను కుర్చీలో కూర్చుని నోరు మెదపకుండా చూశారు. ఆమె నోరు మెదపకుండా కూర్చోవడం చాలా అరుదు. నా చెయ్యి సింకు పైనున్న చిన్న అర మీదికి వెళ్ళింది. అందులో ఆమె భర్త మూర్తి గారి మందులున్నాయి. టీ పొడి ఎక్కడో స్టోర్ రూములో ఉంది. మళ్ళీ వెళ్ళేసరికి టీ పొడి సింకు పైకి వచ్చేసింది. మూర్తి గారు రిటైరైన మనిషి, ఆమె ఎంత గలగలలాడితే ఆయన అంత నిదానం. "బాబూ, నీ ధర్మమా అని నా బీపీ మాత్రలు ఎక్కడున్నాయో నాకే తెలీడం లేదయ్యా" అన్నారు నాతో. తర్వాత వచ్చిన అతిథుల చేతులు కూడా అటే వెళ్ళాయట, అందుకని టీ పొడి అక్కడే ఉండిపోయింది. మనం సర్దుకున్న తీరు మనకి ముద్దుగానే ఉంటుందని, వచ్చినవాడి చెయ్యి ముందుగా ఎటు వెళ్తుందో అదే నిజమైన చోటని ఆమె వాదన. వంటింటికే ఇంత వాదన అవసరమా అని అప్పట్లో నవ్వుకున్నాను.

అదే వాదన ఆమెని మా ఊరి తెలుగు సంఘంతో గొడవకి దింపింది. సంఘం వెబ్‌సైట్ నిండా కమిటీలు. సాంస్కృతిక కమిటీ, మహిళా కమిటీ, క్రీడా కమిటీ, ప్రతి కమిటీకీ ఒక అధ్యక్షుడు, ఒక సహాధ్యక్షుడు, వాళ్ళ ఫోటోలు. సాయం కావలసినవాడు ముందుగా అది ఎవరి కమిటీయో తెలుసుకుని రావాలి. ఒక చలికాలం మంచు మీద కారు జారి మాస్టర్స్ చదివే కుర్రాడొకడు చనిపోయాడు. ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో తెలియక అతని రూమ్మేట్లు వాట్సాప్ గ్రూపుల్లో రోజంతా అడుగుతూనే ఉన్నారు. అంత్యక్రియల ఏర్పాట్లు చూసే ఫ్యునరల్ హోమ్ ఏది, ఇండియాకి పంపడానికి ఏ కాగితాలు కావాలి, కాన్సులేట్‌లో ఎవరితో మాట్లాడాలి, అన్నీ సంఘం సైట్‌లో ఉన్నాయి. 'ఇతర సేవలు' అనే పేరు కింద, పెళ్ళి హాలు అద్దె వివరాల తర్వాత ఉన్నాయి. ఆ సంగతి తెలిసిన రోజు వసుంధర గారు భోజనం చేయలేదని మూర్తి గారు చెప్పారు. ఆ పేజీ ఇంకెవరికీ అలా దొరక్కుండా పోకూడదని ఆమె పట్టుబట్టారు. సైట్ తిరగరాసే పని తన నెత్తినేసుకుని, సగం నా నెత్తినేశారు.

ఆమె పద్ధతి తెలిసిందే కదా, ముందుగా ఆ రూమ్మేట్లని ఇంటికి భోజనానికి పిలిచారు. టీ పరీక్ష ఏమీ పెట్టలేదు. అన్నాలు తిన్నాక, ఆ రోజు మీరు ఏమని వెతికారు బాబూ అని మెల్లగా అడిగారు. తేజ అనే అబ్బాయి పళ్ళెం పక్కకి జరిపి చెప్పాడు.

"ఫ్యునరల్ అని ఎందుకు కొడతం ఆంటీ? అక్కడిదాకా మా బుర్రే పోలే. వాళ్ళ డాడీకి ఎట్ల చెప్పాల్నో తెల్వక కూసున్నం. అదే కొట్టినం గూగుల్‌ల, ఎట్ల చెప్పాలె అని."

"మరి ఎలా చెప్పారు?"

"సీరియస్‌గా ఉంది అంకుల్ అని చెప్పినం. మంచి హాస్పిటల్‌ల పెట్టుండ్రి, ఎంతైనా పంపుతా అన్నడు. రోజంతా దేవుడికి మొక్కుకుంట కూసున్నడట. అసలు సంగతి తెలిసినంక ఒకటే మాట అడిగిండు ఆంటీ. నాతోని ఎందుకు మొక్కిచ్చిన్రు అని."

వసుంధర గారు లేచి వెళ్ళి వాళ్ళకి మజ్జిగ తెచ్చి పోశారు. మనవాళ్ళలో ఈ అలవాటు ఎంత పాతదో అందరికీ తెలుసు. మనిషి పోయాక కూడా సీరియస్‌గా ఉంది, బయల్దేరి రండి అంటాం. దయతోనే అంటాం. ఆ దయ అవతలివాళ్ళని ఏం చేస్తుందో మళ్ళీ వెనక్కి తిరిగి చూడం. మా ఇంట్లోనూ అలాగే జరిగింది, మీ ఇంట్లోనూ జరిగే ఉంటుంది.

ఆమె వేసిన కొత్త నమూనాలో కమిటీల పేర్లు, ఫోటోలు లోపలికి పోయాయి. పై వరసలో మనుషులకి జరిగే సంగతులు వచ్చాయి. ఉద్యోగం పోయింది, ఆసుపత్రిలో చేరారు, మనిషి పోయారు. ఉగాదికి సైట్ ప్రారంభం. ఫోటోలు పోయినందుకు కమిటీల వాళ్ళకి కోపం వచ్చింది గాని ఆ మాట పైకి ఎవరనగలరు? దాంతో సంఘం మీటింగ్‌లో అందరూ కలిసి ఆ మూడో మాట మీద పడ్డారు. అప్పటి అధ్యక్షుడు ప్రసాద్ గారు మర్యాదస్థుడే.

"మేడమ్, పండగపూట సైట్ ఓపెన్ చేస్తూ హోమ్ పేజీ మీద 'మనిషి పోయారు' అని బటన్ పెడతామా అండీ? అశుభం కదా. 'ఇతర సేవలు' అనే ఉంచేద్దాం. అందరికీ తెలుస్తుంది."

"ఎవరికి తెలుస్తుంది ప్రసాద్ గారూ? మీకు తెలుస్తుంది, ఇవాళ మీ ఇంట్లో అందరూ బాగున్నారు కాబట్టి."

ఓటుకి చేతులెత్తమన్నారు. ఆమె వైపు ఆమె చెయ్యీ నా చెయ్యీ తప్ప పెద్దగా లేవలేదు. పార్కింగ్‌కి వచ్చి ఆమె కారు ఎక్కారు. సీట్ బెల్ట్ పెట్టుకుంటూ, "పోనీలే. మెనూ వాళ్ళనే ఉంచుకోనీ. సెర్చ్ బాక్స్ మనది" అన్నారు. ఆ గొంతులో ఓటమి ఏ మూలనా లేదు.

అలా ఆ వసంతమంతా శని, ఆదివారాల్లో వాళ్ళ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని దారులు వేశాం. పోయారు, చనిపోయారు, కాలం చేశారు, ఎక్స్‌పైర్ అయ్యారు, బాడీ ఇండియా పంపడం, తెలుగు లిపిలోనూ ఇంగ్లిష్ అక్షరాల్లోనూ, కంగారులో తప్పుగా కొట్టినా సరే, అన్ని మాటలూ ఆ ఒక్క పేజీకే చేరేలా కలిపాం. ఎలా చెప్పాలి అన్నది వాటిలో మొదటిది. పేజీలో మొదటి భాగం కూడా అదే. ఫ్యునరల్ హోమ్ దాని తర్వాతే. ఆ భాగం ఆమె స్వయంగా రాశారు. ఒక వాక్యం దగ్గర నేను అభ్యంతరం చెప్పాను, ఇంత కటువుగా ఉండాలా అండీ అని.

"ఉండాలి. మెత్తగా రాస్తే ఎవరూ వినరు కిరణ్. మనకి అబద్ధమే మర్యాద అనిపిస్తుంది."

రెండు చలికాలాలు గడిచాయి. ఒక ఫిబ్రవరి ఉదయం మా మీటింగ్ గదిలో ఎవరో 'ఉంది కదా' అన్నారు. దానికి జవాబివ్వడానికి లేచిన వసుంధర గారు బల్ల అంచు పట్టుకుని, అలాగే ఒరిగిపోయారు. అంబులెన్స్ వెనకే నేనూ వెళ్ళాను. కొంతసేపటికి డాక్టర్ బయటికి వచ్చి నాతో చెప్పింది, అక్కడ ఉన్నది నేనే కాబట్టి. కూతురు ఎక్కడో పడమటి తీరాన శాన్ రామన్‌లో ఉంటుంది. మూర్తి గారు ఇంట్లో ఒక్కరే ఉన్నారు. కంటి ఆపరేషన్ తర్వాత ఆయన డ్రైవ్ చేయడం మానేశారు.

పార్కింగ్‌లో కారులో కూర్చున్నాను. ఫోన్ మోగింది. "ఏమయ్యా, ఆవిడ ఫోన్ ఎత్తడం లేదు. మీటింగా?" అన్నారు మూర్తి గారు. నా నాలుక చివరికి వచ్చింది ఒకే మాట. కొంచెం సీరియస్‌గా ఉందండీ. ఎంత సులువుగా వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. "ఇంటికే వస్తున్నానండీ" అని మాత్రం అని పెట్టేశాను. తర్వాత సంఘం సైట్ తెరిచి, ఎలా చెప్పాలి అని టైప్ చేశాను. ఆ పేజీకి దారి వేసింది నేనే, అందులో ఏముందో నాకు కంఠతా వచ్చు. అయినా నాకా క్షణంలో ఒక్క ముక్క గుర్తులేదు. పేజీ వచ్చింది.

'ఒంటరిగా ఉన్న మనిషికి ఫోన్‌లో చెప్పకండి. ముందు తెలిసినవాళ్ళని వాళ్ళ దగ్గరికి పంపండి. వీలైతే మీరే వెళ్ళండి. వాళ్ళని కూర్చోబెట్టి, మీరూ కూర్చోండి. పోయారు అనే మాటే వాడండి. సీరియస్‌గా ఉందని అబద్ధం చెప్పకండి. ఆశ పెట్టి తీసెయ్యడం కన్నా పెద్ద దెబ్బ లేదు. చెప్పాక వెంటనే వెళ్ళిపోకండి.'

ఏడుపొచ్చింది. ఏడ్చాను. తర్వాత పేజీలో చెప్పినట్టే చేశాను. వాళ్ళ పక్కింటావిడకి ఫోన్ చేసి ముందుగా వెళ్ళమన్నాను. నేను వెళ్ళి, ఆయన్ని కూర్చోబెట్టి, ఎదురుగా కూర్చుని, "వసుంధర గారు పోయారండీ" అన్నాను. ఆయన ఎప్పుడు అని అడిగారు. బాధపడిందా అని అడిగారు. లేదండీ, మాట్లాడుతూనే ఉన్నారు అన్నాను.

"నిన్ను గుమ్మంలో చూడగానే, సీరియస్‌గా ఉంది అంటావేమో అనుకున్నాను. అలా అనుంటే ఆవిడ నిన్ను ఊరుకునేది కాదు" అన్నారు.

తర్వాత కూతురికి ఆయనే ఫోన్ చేసి, ఆ మాటే వాడి చెప్పారు. పక్కింటావిడ ఆయన పక్కన కూర్చుంది. టీ పెట్టనా అండీ అని వంటింట్లోకి వెళ్ళాను. కళ్ళు సరిగ్గా కనబడటం లేదు, బుర్ర పనిచేయడం లేదు. చెయ్యి మాత్రం సింకు పైనున్న చిన్న అర మీదికి వెళ్ళింది. మూత తీస్తే యాలకుల వాసన.

"దొరికిందా?" అన్నారు మూర్తి గారు హాల్లోంచి.

"దొరికిందండీ."

సంఘానికి అధ్యక్షులు మారారు. మెనూలో ఇప్పటికీ 'ఇతర సేవలు' అనే ఉంది. సైట్ బాగోగులు నేనే చూస్తున్నాను కాబట్టి జనం ఏ మాటలతో వెతుకుతున్నారో నాకు కనిపిస్తుంది. ఉగాది పచ్చడి పోటీ, బ్యాడ్మింటన్, కూచిపూడి క్లాసులు, వాటి మధ్య అప్పుడప్పుడూ ఒక 'ఎలా చెప్పాలి'. ఎవరో తెలియదు, తెలుసుకోను కూడా. ఆ మాట కనిపించినప్పుడు పని ఆపి, అదే మాట నేనూ టైప్ చేసి, పేజీ తెరుచుకుంటోందో లేదో చూస్తాను.